పొడిచే ఎద్దు, కరిచే కుక్క



కరిచే కుక్కను చంపించడం పాపమా? ఈ మధ్యకాలంలో మమ్మల్ని చాలామంది అడిగిన ప్రశ్న ఇది. ఏలూరులో కూడిక ముగిశాక ఒక సహోదరుడు అడిగారు. ఆకివీడు దగ్గర చేపల చెరువులు చేసే ఒక విశ్వాసి అడిగారు. తాడేపల్లిగూడెం నుంచి ఒక తల్లి ఫోను చేసి, "మా ఇంటి కుక్కేనండి, మా మనవణ్ణే కరిచింది. ఏం చెయ్యమంటారు అయ్యగారూ?" అని ఏడ్చారు. ఇలా అడిగినవారెవరూ కుక్కలంటే పగ ఉన్నవారు కారు. చేతులారా అన్నం పెట్టి పెంచుకున్నవారే. ప్రేమ లేని చోట ఈ ప్రశ్న పుట్టదు.

ఒక వచనం చెప్పి పంపేయడం సులువు. అయితే ఇదే ప్రశ్న మా మందిరపు ఆవరణలోకి కూడా వచ్చింది. మేమిద్దరం, భార్యాభర్తలం, దానితో కొన్ని నెలలు గడిపాము. వాక్యం ముందు కూర్చున్నాము, పశువుల డాక్టరు గారి ముందు కూర్చున్నాము, సంఘ పెద్దలతో కూర్చున్నాము. ఆ నెలల్లో నేర్చుకున్నది మీతో పంచుకోవాలని ఈ నాలుగు మాటలు రాస్తున్నాము.

ముందు వాక్యం చూద్దాం. నిర్గమకాండము 21వ అధ్యాయం 28వ వచనం నుంచి 32వ వచనం వరకు ఒకసారి తెరిచి చదవండి. పొడిచే ఎద్దును గురించిన కట్టడ అది. ఎద్దు ఒక మనిషిని పొడిచి చంపితే ఆ ఎద్దును చంపాలి, దాని మాంసం తినకూడదు, యజమాని మీద దోషం లేదు. కానీ ఆ ఎద్దుకు ముందునుంచే పొడిచే అలవాటు ఉండి, ఆ సంగతి యజమానికి తెలియజేసినా అతను దాన్ని కట్టడి చేయకపోతే, లెక్క మారిపోతుంది. అప్పుడు ఎద్దుతోపాటు యజమాని ప్రాణం మీదికి కూడా వస్తుంది.

ఇందులో మూడు సంగతులు గమనించండి. మొదటిది, ఎద్దు విషయంలో కూడా దేవుడు ఒక విధి పెట్టాడు. కోపం వచ్చినవాడు కోపం వచ్చినట్టు చంపేయడానికి వీల్లేదు. రెండవది, దాని మాంసం తినకూడదు. అంటే ఆ మరణంలో ఎవరికీ లాభం ఉండకూడదు. మూడవది, అన్నిటికన్నా బరువైనది, తెలియక ముందు వేరు, తెలిసిన తరువాత వేరు. తెలిసిన రోజు నుంచి యజమాని మోసే బరువు ఇంకొకటి.

ద్వితీయోపదేశకాండము 22:8 కూడా ఇదే దారిలో నడుస్తుంది. కొత్త ఇల్లు కట్టుకునేవాడు డాబాకు పిట్టగోడ కట్టాలి, ఎవరైనా పడితే ఆ రక్తాపరాధం ఇంటిమీదికి రాకుండా. ఇంకా ఎవరూ పడలేదు. అయినా గోడ కట్టాలి. ఇక సామెతలు 12:10 నీతిమంతునికి తన పశువు ప్రాణం మీద ధ్యాస ఉంటుందని నేర్పుతుంది. మనుషుల్ని కాపాడమన్న దేవుడే పశువు బాగోగులు చూడమన్నాడు. ఒక వచనం పట్టుకుని రెండోది వదిలేస్తే మనం వాక్యంలో సగమే చదివినట్టు.

ఇక మా దగ్గరికి వచ్చిన కుక్క సంగతి.

2024 సెప్టెంబరు మొదటి వారంలో బుడమేరు పొంగి విజయవాడను ముంచింది మీకు గుర్తుండే ఉంటుంది. బుడమేరు నీరు చివరికి చేరేది మా కొల్లేరుకే. కొల్లేరు నుంచి సముద్రానికి ఉప్పుటేరు ఒక్కటే దారి. వచ్చినంత త్వరగా నీరు పోదు. మా చుట్టుపక్కల చెరువు గట్లు మునిగాయి. శీలావతి, బొచ్చె కళ్లముందే వరదలో కలిసిపోయాయి. మా మందిరం కాస్త మెరక మీద ఉంది గనుక కొన్ని కుటుంబాలు అక్కడ తలదాచుకున్నాయి. ఆ రోజుల్లోనే ఒక పెద్ద కుక్క మెడకు తెగిన గొలుసుతో ఈదుకుంటూ వచ్చి మందిరం మెట్ల మీద పడింది.

అది చెరువు కాపలా కుక్క అని మా ఊళ్లో ఎవరికీ చెప్పనక్కర్లేదు. ఇక్కడ రాత్రిపూట చేపలు పోతాయి, మేత బస్తాలు పోతాయి, మోటార్లు పోతాయి. అందుకని గట్టు మీద పాకలో ఒక మనిషిని, ఒక కుక్కను పెడతారు. చాలామంది ఆ కుక్కను బిడ్డలా చూసుకుంటారు. కొందరు మాత్రం మెత్తబడకూడదని రోజంతా గొలుసుకు కట్టి, సగం కడుపుకే పెట్టి, కొత్త మనిషిని చూస్తే కరిచేలా కొట్టి పెంచుతారు. మా దగ్గరికి వచ్చిన కుక్క మెడ చుట్టూ వెంట్రుకలు లేవు. చర్మం మొద్దుబారిపోయింది. వీపు మీద పాత దెబ్బల గీతలు. ఎవరి కుక్కో వాకబు చేస్తే ఆ చెరువు లీజుదారు వరదతో నష్టపోయి ఊరు విడిచి వెళ్లాడని తెలిసింది.

బుడమేరు నీళ్లలో వచ్చింది గనుక సండేస్కూలు పిల్లలు దానికి బుడ్డోడు అని పేరు పెట్టారు. అంత పెద్ద కుక్కకు ఆ పేరేంటని పెద్దవాళ్లు నవ్వారు. పేరు మాత్రం నిలిచిపోయింది. మా అమ్మాయి చేతిలో అన్నం తినేది. మేము ప్రార్థన చేసుకునేటప్పుడు గుమ్మంలో పడుకునేది.

డిసెంబరులో క్రిస్మస్ క్యారల్స్‌కు వెళ్లి అర్ధరాత్రి తిరిగి వచ్చిన యవ్వనస్థుల్లో ఒకరి చెయ్యి పట్టుకుంది. వెంటనే గాయాన్ని సబ్బుతో, ధారగా పడే నీళ్లతో పావుగంట కడిగించి ఆసుపత్రికి తీసుకువెళ్లాము. ఆ వారంలోనే కుక్కను డాక్టరు గారికి చూపించాము. టీకా, కుటుంబ నియంత్రణ ఆపరేషన్ చేయించాము. మూతికి తొడుగు కొన్నాము. పెరట్లో ఇనుప జాలీతో గది కట్టించి, జనం ఉండే వేళల్లో లోపలే ఉంచాము. నిర్గమకాండము చెప్పిన కట్టడి అదే అని నమ్మాము.

వేసవిలో బోరింగు దగ్గర నీళ్లు పట్టుకుంటున్న ఒక సహోదరి మీదికి ఎగిరింది. తొడుగు ఉంది గనుక పళ్లు దిగలేదు. ఆమె కిందపడి మోకాలు చీరుకుపోయింది. ఆ రోజు నుంచి గదిలోనే ఉంచి, పగ్గం లేకుండా బయటికి తేలేదు. ఆ తరువాత అక్టోబరులో ఒక ఆదివారం, వెల్డింగు ఊడిపోయేదాకా జాలీని కొరికి బయటపడింది. సండేస్కూలుకు వస్తున్న ఆరేళ్ల పాపను చెంప మీద, ముంజేతి మీద కరిచింది. వల పనికి వెళ్లే కూలీల బిడ్డ. అమ్మానాన్నలు పట్టుబడికి వెళ్తే మామ్మ దగ్గర ఉంటుంది.

ఏలూరు ప్రభుత్వ ఆసుపత్రిలో పాపకు గాయంలోనే ఇమ్యూనోగ్లోబులిన్ వేశారు, టీకా మొదలుపెట్టారు. మొదటి రోజు, మూడవ రోజు, ఏడవ రోజు, ఇరవై ఎనిమిదవ రోజు అని చీటీ మీద రాసి ఇచ్చారు. ప్రియులారా, ఒక మాట. కుక్క కరిస్తే ఆకుపసరు, కారం, సున్నం పూయకండి. ప్రార్థన చేసుకున్నాం కదా, సూదిమందు ఎందుకని ఆగిపోకండి. రేబిస్ లక్షణాలు బయటపడ్డాక మనిషిని బతికించే మందు దాదాపు లేదు. ప్రపంచంలో ఏటా సుమారు 59,000 మంది ఈ జబ్బుతో చనిపోతున్నారని అంచనా. వారిలో మూడోవంతుకు పైగా మన దేశంలోనే. ప్రార్థన చేస్తూ ఆసుపత్రికి వెళ్లండి, చెప్పిన మోతాదులన్నీ పూర్తి చేయండి.

కరిచిన కుక్కను పది రోజులు గమనించాలని డాక్టరు గారు చెప్పారు. రేబిస్ ఉంటే ఆ రోజుల్లో తేలిపోతుంది. బుడ్డోడు పది రోజులూ తింటూ, తాగుతూ మామూలుగానే ఉంది. చెవులు, పళ్లు, నడుము, కళ్లు అన్నీ చూశారు. ఎక్కడా నొప్పి లేదు. జబ్బు లేదు. "జబ్బు ఉంటే మీకు తేలికయ్యేదండి," అన్నారు ఆయన. నిజమే. మా ముందున్నది ఆరోగ్యంగా, బలంగా, మాతో ప్రేమగా ఉన్న ఒక ప్రాణి. అదే ప్రాణి ఊళ్లో ఏ బిడ్డనైనా చంపగలదు.

అప్పుడు సలహాలు మొదలయ్యాయి. ఒక్కో సలహా ఒక్కో దారి. మీలో ఎవరికైనా ఈ పరిస్థితి వస్తే ఈ దారులే మీ ముందుకూ వస్తాయి గనుక వరుసగా చెబుతాము.

ఒకరు, "రాత్రికి ఆటోలో ఎక్కించి దూరంగా కైకలూరు దాటించి వదిలేద్దామండి" అన్నారు. అక్కడ కూడా పిల్లలున్నారు. మన బిడ్డ బిడ్డ, వాళ్ల బిడ్డ బిడ్డ కాదా? పైగా కొల్లేరు గట్ల మీద కొన్ని చోట్ల చేపలకు వేయడానికి నిషేధం ఉన్నా కోడి వ్యర్థాలు తెచ్చి పోస్తారు. వాటికోసం గుంపులు గుంపులుగా కుక్కలు చేరతాయి. అలాంటి చోట వదిలితే ఆ గుంపుకు ఇదే నాయకుడవుతుంది.

తాడేపల్లిగూడెంలో రైసుమిల్లు నడిపే ఒకాయన కబురు పెట్టారు. "మాకు ఇచ్చెయ్యండి. మాకు కావలసిందే కరిచే కుక్క." సంతోషంగా తీసుకుంటానన్నారు. ఒక రోజంతా ఈ మాట మమ్మల్ని ఊరించింది. కుక్క బతుకుతుంది, మన ఊరు బాగుంటుంది. కానీ మిల్లులో బస్తాలు మోసే జట్టు కూలీల మాటేమిటి? తెల్లవారుజామున లారీ దిగే క్లీనరు కుర్రాడి మాటేమిటి? పొడిచే ఎద్దు మాంసం తినకూడదన్న మాట మాకు అక్కడ అర్థమైంది. దాని కొమ్ము వల్ల ఎవరూ లాభం పొందకూడదు. ఏ కోపం వల్ల ఒక పాప చెంప చిరిగిందో, ఆ కోపాన్నే ఇంకొకరికి పనిముట్టుగా అప్పగించడం మాకు సరి అనిపించలేదు. ఆ మిల్లు యజమాని చెడ్డవాడని మేము అనడం లేదు. ఆయన అడిగింది మేము ఇవ్వలేనిది.

ఇంకొకరు గొంతు తగ్గించి, "గుళికలు కలిపిన ముద్ద పెడితే తెల్లారేసరికి అయిపోతుంది. మీ చేతికి మట్టి అంటదు అయ్యగారండీ" అన్నారు. పొలంలో వేసే గుళికల మందు గురించి ఆయన చెబుతున్నది. ఆయన మా మేలు కోరే అన్నారు. అయినా ఇక్కడ మేము చాలాసేపు ఆగాము. ఎందుకంటే మన జిల్లాలోనే ఇలాంటి సంగతి ఒకటి దేశమంతా తెలిసింది. 2021 జులైలో లింగపాలెం గ్రామంలో, అప్పటికి అది పశ్చిమ గోదావరి జిల్లా, ఇప్పుడు ఏలూరు జిల్లా, 300 కు పైగా వీధికుక్కలను విషంతో చంపి గోతిలో వేశారని ధర్మాజీగూడెం పోలీసులకు ఫిర్యాదు అందింది. ఆ గోతి ఫొటోలు పత్రికల్లో మీరు చూసే ఉంటారు. కరిచిన కుక్క ఏదో, కరవనిది ఏదో, పిల్లలతో ఆడుకునేది ఏదో ఆ గోతిలో తేడా లేదు.

విషం తిన్న జంతువు ఎలా చస్తుందో పల్లెటూరివాళ్లకు వివరించనక్కర్లేదు. 1960 నాటి జంతువులపై క్రూరత్వ నివారణ చట్టం ఇలా క్రూరంగా చంపడాన్ని నేరమంది. చట్టం సంగతి అలా ఉంచి, మా మనసులో మెదిలిన మాట వేరు. రాత్రి ముద్ద పెట్టినవారు ఎవరో తెల్లవారితే ఎవరికీ తెలియదు. పేరు లేని చెయ్యి అది. దేవుని విధిలో ఎద్దు మరణం ఊరి ఎదుట, వెలుగులో జరిగింది. యజమాని పేరు అందులో ఉంది. చేతికి మట్టి అంటకుండా చేసే తీర్పు దేవుని తీర్పులా ఉండదు.

అయితే రెండో వైపు కూడా చూడాలి. 2023 ఫిబ్రవరిలో హైదరాబాదు అంబర్‌పేటలో నాలుగేళ్ల బాబు వీధికుక్కల దాడిలో చనిపోయాడు. తండ్రి కాపలా ఉద్యోగం చేసే చోటే జరిగింది. కెమెరాలో పడ్డ ఆ దృశ్యం చూసిన తల్లిదండ్రులెవరూ మరచిపోలేరు. "పాపం, నోరులేని జీవాలు" అనే మాట ఆ ఇంట్లో చెప్పగలమా?

దేశంలో పెద్ద కోర్టు కూడా ఈ రెండు వైపుల మధ్యే నలిగింది. 2025 ఆగస్టు 11న సుప్రీంకోర్టు ఢిల్లీ ప్రాంతంలో వీధికుక్కలన్నిటినీ పట్టి ఆశ్రయాల్లో పెట్టమంది. ఆగస్టు 22న ముగ్గురు న్యాయమూర్తుల ధర్మాసనం దాన్ని సవరించింది. ఆపరేషన్, టీకాలు చేసి పట్టుకున్న చోటే వదలమంది. కానీ రేబిస్ ఉన్నవాటిని, ఉందని అనుమానమున్నవాటిని, దుడుకుగా మీదపడే వాటిని తిరిగి వీధిలోకి వదలవద్దంది. అన్నీ ఒకటి కాదని, దేనికి దానికి విడిగా చూడాలని ఆ ఉత్తర్వు సారం. పెంపుడు కుక్క సంగతికి వస్తే బరువు సూటిగా యజమానిదే. తన దగ్గరున్న జంతువు వల్ల మనుషులకు ప్రమాదం రాకుండా చూడకపోతే భారతీయ న్యాయ సంహిత 291వ సెక్షన్ కింద శిక్ష ఉంది. మూడువేల ఏళ్లకు పూర్వపు పొడిచే ఎద్దు కట్టడ ఇంకా మన మధ్య బతికే ఉందన్నమాట.

మిగిలింది రెండు దారులు. జీవితాంతం గదిలో పెట్టి ఉంచడం, లేదా డాక్టరు గారి చేత కారుణ్య మరణం.

మొదటి దారిని మేము మనసారా కోరుకున్నాము. ఇంకా మందమైన జాలీ, రెండు తలుపులు, రెండు తాళాలతో గది బలపరిచాము. ఐదు వారాలు చూశాము. బయట ఎవరి అడుగుల చప్పుడు విన్నా బుడ్డోడు జాలీకేసి పడేది. ముక్కు చిట్లింది. ముందరి పళ్లు రెండు విరిగాయి. రాత్రిళ్లు ఒకే మూల చుట్టూ తిరిగేది. గొలుసు నుంచి తప్పించుకుని మా దగ్గరికి వచ్చిన ప్రాణికి మేము ఇవ్వగలిగింది చివరికి ఇంకో గొలుసేనా అనిపించింది. పైగా మేము బదిలీల మీద ఉండేవాళ్లం. రేపు మా తరువాత వచ్చే దైవజనుని ఇంట్లో చిన్నపిల్లలుంటే, ఆ తాళం చెవి ఆయన చేతిలో పెట్టి ఏమని చెప్పగలం?

ఆ రోజుల్లో పాప మామ్మ మా ఇంటికి వచ్చింది. మందిరానికి ఎప్పుడో గాని రాని మనిషి. గుమ్మంలో కూర్చుని, "అయ్యగారండీ, దాన్నేం చెయ్యకండి. నోరులేని జీవం. మా పిల్ల బానే ఉంది గదా. నేనేం అనుకోట్లేదు" అంది. మేము మాట్లాడలేకపోయాము. క్షమాపణ గురించి ఎన్ని ప్రసంగాలు చేసినా ఆ మాట ముందు చిన్నవే. దెబ్బ తిన్నది ఆమె మనవరాలు. ఆమే వద్దంటోంది. ఇక మాకు అడ్డేముంది? ఆ రాత్రి మా ఇద్దరికీ నిద్ర పట్టలేదు. ఆమె మాటను దేవుని జవాబుగా తీసుకోవాలని ఎంత కోరిక!

తెల్లవారుజామున ప్రార్థనలో ఒక సంగతి మెల్లగా తేటపడింది. జరిగిపోయినదాన్ని క్షమించే హక్కు ఆ మామ్మకు ఉంది. ఆమె క్షమించింది, దేవుడు ఆమెను దీవించును గాక. కానీ రేపు కరవబడే బిడ్డ తరఫున క్షమించే హక్కు ఆమెకు లేదు, మాకూ లేదు. క్షమాపణ నిన్నటి వైపు చూస్తుంది. కాపరితనం రేపటి వైపు చూస్తుంది. ఒకటి చేశాం గనుక రెండోది అక్కర్లేదు అనుకుంటే, మనం మంచివాళ్లం అనిపించుకోవడానికి అయ్యే ఖర్చు ఇంకో ఇంటి బిడ్డ కడుతుంది. అది దయ కాదు. ప్రియులారా, ఈ ఒక్క మాట కోసమే ఇదంతా రాస్తున్నాము. ఇది కుక్కల విషయంలోనే కాదు. ఇంట్లో చెయ్యి చేసుకునే మనిషిని క్షమించిన సహోదరీ, క్షమించు, కానీ పిల్లల్ని కాపాడుకో. రెండూ దేవుడు చెప్పినవే.

ఆ మామ్మ దగ్గరికి మేమిద్దరం వెళ్లి ఇదే చెప్పాము. ఆమె చాలాసేపు ఊరుకుని, "మరి నొప్పి లేకుండా చేయించండి బాబూ" అంది. అదే మేము డాక్టరు గారిని అడిగాము.

ఆయన తొందరపడలేదు. ఆరోగ్యంగా ఉన్న కుక్కను అడగ్గానే చంపడం తన పని కాదన్నారు. మూడు దాడులు, ఐదు వారాల గది, విరిగిన పళ్లు, అన్నీ రాసుకున్నారు. తరువాత ఒక కాగితం ముందు పెట్టి, "యజమానిగా మీరు సంతకం పెట్టాలండి" అన్నారు. వరద తెచ్చిన కుక్క అది, మేము కొన్నది కాదు. అయినా అన్నం పెట్టిన రోజు నుంచి అది మాదే. యజమాని అన్నచోట పేరు రాసి సంతకం చేశాము. ఆ మాట కింద పేరు రాయడానికి జంకేవారు కుక్కను పెంచకూడదని కూడా ఆ రోజు తెలిసింది.

వీధికుక్కల కోసం 2023లో వచ్చిన కేంద్ర నియమాల్లో, కారుణ్య మరణం తప్పనిసరైతే అర్హత ఉన్న పశువైద్యుడే బాధ లేని మత్తుమందుతో చేయాలని, ఇంకో కుక్క ఎదుట చేయకూడదని ఉంది. ఆ రెండో నియమం చదివినప్పుడు మాకు గుండె కరిగింది. చట్టం రాసినవారు కూడా ఇంకో కుక్క భయపడుతుందని ఆలోచించారు. బుడ్డోడికి ముందు మత్తు ఇచ్చారు. తల మా ఒడిలో ఉంది. మూతికి తొడుగు తీసేశాము. నిద్రపోయాక రెండో సూది వేశారు. కొన్ని నిమిషాలు. మెడ మీద వెంట్రుకలు లేని చోట మా చెయ్యి అలాగే ఉంది. మందిరం వెనుక తాడిచెట్ల దగ్గర లోతుగా గొయ్యి తీసి పూడ్చాము.

పిల్లలకు ఏం చెప్పాలి? "దూరపు ఊరికి పంపించాం" అని చెప్పమన్నారు కొందరు. మేము ఉన్నది ఉన్నట్టు చెప్పాము. మా అమ్మాయి రెండు రోజులు సరిగా అన్నం తినలేదు. సండేస్కూల్లో ఒక బాబు లేచి, "బుడ్డోడు పరలోకానికి వెళ్తాడా అండీ?" అని అడిగాడు. మత్తయి 10:29 తీసి చూపించాము. అంగట్లో చవగ్గా అమ్ముడుపోయే పిచ్చుక నేలపడడం కూడా తండ్రికి తెలియకుండా జరగదు. మరి బుడ్డోడు పడడం ఆయనకు తెలియదా? ఆయనకు తెలిసినది ఆయన చేతిలో భద్రం. అంతవరకు చెప్పి ఆగాము. పిల్లలకు అది సరిపోయింది. మాకూ సరిపోయింది.

రోమా పత్రిక 8వ అధ్యాయంలో సృష్టి అంతా మూలుగుతోందని పౌలు రాశాడు. ఆ మూలుగు మేము ఆ జాలీ గదిలో విన్నాము. ఆ కుక్క కోపాన్ని దేవుడు చేయలేదు. కట్టేసి, పస్తు పెట్టి, కొట్టి మనుషులు చేశారు. మన పాపపు బరువులో కొంత నోరులేని జీవాలు కూడా మోస్తున్నాయి. ఇది చదివే చెరువుల రైతులకు, కాపలాదారులకు చేతులు జోడించి ఒక మనవి. కుక్కకు కడుపునిండా పెట్టండి. గొలుసు పొడవుగా వేయండి. రోజుకు ఒక్కసారైనా విప్పి తిప్పండి. కూనగా ఉన్నప్పుడే మనుషుల మధ్య మెలగనివ్వండి. ఏటా టీకా వేయించండి. లీజు అయిపోయి వెళ్లేటప్పుడు దాన్ని గట్టు మీద వదిలిపోకండి. రేపటి బిడ్డకు మీరు కట్టే పిట్టగోడ అదే.

ఇక మొదటి ప్రశ్నకు మా జవాబు. కరిచే కుక్కను కోపంతో, చీకట్లో, విషంతో చంపడం తప్పు. తెలిసి తెలిసి దాన్ని పిల్లల మధ్య ఉంచడం కూడా తప్పు. ఈ రెంటి మధ్య ఇరుకైన దారి ఒకటి ఉంది. ముందు కట్టడి చేయాలి. కారణం వెతకాలి. వైద్యుణ్ణి అడగాలి. అన్నీ అయ్యాక కూడా ప్రమాదం తప్పకపోతే, మన పేరు మనమే రాసి, మన చెయ్యి దాని తల మీద ఉంచి, ఆ దుఃఖాన్ని మనమే మోయాలి. అప్పుడు కన్నీళ్లు వస్తే సిగ్గుపడకండి. నీనెవె పట్టణంలోని పశువులను కూడా లెక్కలో ఉంచుకుని జాలిపడిన దేవుడు ఆ కన్నీళ్లను తప్పు పట్టడు.

కాపాడే చేతికి ధైర్యాన్ని, శిక్షించే చేతికి కనికరాన్ని ప్రభువు మనందరికీ దయచేయును గాక. ఆమేన్.